ఆ డ్రైవ్ చూసి నేనన్న "ఆయ్"

మీలో కొందరు నా నోట ఈ కథ వినే ఉంటారు. ఆన్‌లైన్ వేలం సైట్లలో కంప్యూటర్ సామాను కొనేవాళ్ళు ఎలా మోసపోతారో చెప్పమని ఎవరడిగినా నేను ఒక డ్రైవ్ కథ చెబుతాను. బండారులంకలో ఒక నేతవారింట్లో జరిగింది. విన్నవాళ్ళు అయ్యో అంటారు, ఆనక నా చూపుని మెచ్చుకుంటారు. జరిగింది నిజమే. అందులో నా గురించి నేను చెప్పుకున్న మాట మాత్రం అబద్ధం. మొన్నమొన్నటిదాకా ఆ సంగతి నా ఒక్కడికే తెలుసు.

దీన్ని బరువు అనాలా? మొదట్లో బరువే. తర్వాత తిమ్మిరెక్కింది. చెయ్యి ఒంటి కింద పడి చాలాసేపు నిద్రపోతే, లేచాక అది మన చెయ్యేనా అని రెండో చేత్తో పట్టుకుని చూసుకుంటాం చూడండి, అలా ఉంది. నొప్పి లేదు. నొప్పి లేదేమిటా అని మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పేరు రాయను. అమలాపురంలో రేడియోల కాలం నుంచి ఉన్నవాళ్ళకి రాయకపోయినా తెలుస్తుంది. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు నాకు బడి నేర్పలేదు, రేడియో పెట్టెల వెనక అంటించిన కాగితాలు నేర్పాయి. రేడియోలు పోయి టీవీలు వచ్చాయి, టీవీలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ప్రతిదాన్నీ విప్పి చూసి, పాడుచేసి, మళ్ళీ బాగుచేసి నేర్చుకున్నాను. ఎవడూ నేర్పలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు. నా పొగరు ఎక్కడిదో మీకు తెలియాలని చెబుతున్నాను.

వేలం సైట్లు వచ్చాక నాకు కొత్త పని దొరికింది. అసలు వేలం నాకు కొత్త కాదు. గోదావరి లంకల్లో మేతకీ, రేవులకీ పాట పెట్టేవారు. గుంపులో సొంత మనుషుల్ని నిలబెట్టి పాట పెంచడం, బయటివాడు ఉడుకుమోత్తనంతో ఎగబడగానే వాళ్ళు నోళ్ళు మూసుకోవడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. సైట్లలోనూ అదే. మనుషులు కనబడరు, అంతే తేడా. పాత చిప్పు మీద అక్షరాలు గీకేసి కొత్త నంబరు అచ్చేస్తారు. అరిగిపోయిన హార్డ్ డిస్కుకి కొత్త లేబులు అంటించి, "పెట్టె ఒక్కటే విప్పాం, వాడలేదు" అని రాస్తారు. మరలు చూస్తే తెలుస్తుంది, స్క్రూడ్రైవరు తగిలిన మర మెరుస్తుంది. ఈ దొంగవెధవల్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇలా రాస్తుంటే కోపం వస్తోంది కూడా. కోపం తేలికగా వస్తుంది నాకు. రావలసింది అది కాదు.

వరలక్ష్మి మా దూరపు చుట్టం. నన్ను బాబాయ్ గారూ అంటుంది. వాళ్ళ నాన్న చీరల అంచులకీ బుటాలకీ డిజైన్లు గళ్ళ కాగితాల మీద వేసేవాడు. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆయన పోయాక ఆ కాగితాలన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఆ అమ్మాయికి మిగిలాయి. చెదలు పట్టడం మొదలైంది. అప్పుడు వాళ్ళక్క కొడుకు కిరణ్, ఇంజనీరింగ్ చదువుతున్నవాడు, ఒక స్కానరు తెచ్చిపెట్టాడు. పిన్నీ కొడుకూ కూర్చుని కాగితం తరవాత కాగితం కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ కంప్యూటరు నేను బిగించిందే. ముసలిది, నిండిపోయి మూలుగుతోంది. పెద్ద డ్రైవ్ ఒకటి కొనాలన్నారు.

దానికి కొంచెం ముందు వాళ్ళింట్లో వ్రతం జరిగింది. భోజనాల దగ్గర ఎవరో తాము కొన్న ఫోను గురించి చెబుతుంటే, చార్జరు చూపించండి అన్నాను నేను. వరసకి మనవడు కదా, కిరణ్ విస్తరి ముందు నుంచే అందుకున్నాడు.

"తాతగారికి బొండం కొట్టిచ్చినా, సీలు ఏదండీ, వారంటీ కార్డు ఏదండీ అంటారు!"

పంక్తి పంక్తంతా నవ్వింది. పప్పు వడ్డిస్తున్న వరలక్ష్మి గరిటె ఆపి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. వాడు చెడ్డ మనసుతో అన్నది కాదు. వేళాకోళం చెయ్యకపోతే వాడు మనవడెలా అవుతాడు? కాని ఆ నవ్వు నాతో ఇంటికొచ్చింది. ఇంతమందిని ఇన్నిసార్లు కాపాడితే నాకు మిగిలిన పేరు ఇదా అనుకున్నాను. ఇకమీదట ఎవరేం చూపించినా నోరు విప్పకూడదనుకున్నాను. చిన్నపిల్లల అలక. తల నెరిసినవాడికి వచ్చిన అలక.

కొన్నాళ్ళకి వరలక్ష్మి ఫోను పట్టుకుని నా కొట్టుకి వచ్చింది. ఇక్కడ జరిగిన మాటలు ఒక్కటీ మర్చిపోలేదు నేను.

"బాబాయ్ గారూ, కిరణ్ ఇది చూసేడండి. వేలంలో ఉందంట. కొత్తదేనంటండి, ఎన్ని బొమ్మలైనా పడతాయంట."

ఫోను అందుకుని చూశాను.

"అది రాగానే అన్నీ అందులోకి ఎక్కించేసి, ఆ కాగితాలు గోదాట్లో కలిపేద్దామనండి. చెదలకి పెట్టడం ఎందుకు? నాన్నగారి చేతివి కదా, చెత్తలో వెయ్యలేం. పాత దేవుడి పటాలు కలుపుతాం కదండీ, అలాగ."

"ఆయ్," అన్నాను.

"అంతేనంటారా?"

"ఆయ్."

అంతే. ఫోను తిరిగి ఇచ్చేశాను. ఆ అమ్మాయి మొహం తేటపడింది. "మీరు చూసేక ఇంక బెంగ లేదండి," అని వెళ్ళిపోయింది.

మా వైపువాళ్ళకి ఈ మాట గురించి చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళకి చెబుతున్నాను. ఆయ్ అంటే అవును. ఆయ్ అంటే వింటున్నాను, చెప్పండి. ఆయ్ అంటే చిత్తం. ఎదటివాడు మాట్లాడుతుంటే మర్యాదకి మధ్యమధ్య వేసే తాళం కూడా ఈ ఆయ్ అనే మాటే. ఏది దేనికో గొంతుని బట్టి తెలుస్తుంది. నా గొంతు ఆవేళ ఏ ఆయ్ అంది? విన్నాను అనే ఆయ్ అన్నానని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. మొదటిదానికి అది సరిపోతుందేమో. అంతేనంటారా అని అడిగాక అన్న రెండోదానికి? అది ఏ నిఘంటువులో చూసినా అవును తప్ప ఇంకోటి కాదు.

మరి నేను ఫోనులో ఏం చూశాను? తయారీ కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా. ఆ రోజుల్లో ఎవరూ అంత చిన్న పెట్టెలో పట్టించలేనంత చోటు ఉందని రాశారు. అవే ఫోటోలు అంతకుముందు వేరే అమ్మకందారు పేరుతో చూసి ఉన్నాను, వెనకాల పరిచిన పూలదుప్పటితో సహా. ఈ అమ్మకందారు నిన్నమొన్నటిదాకా ఫోను తొడుగులు అమ్ముకున్నవాడు. పాట పెంచుతున్నవాళ్ళ పేర్లు వాడి ప్రతి వేలంలోనూ అవే. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, పరీక్షించలేదు, వెనక్కి తీసుకోం అని ఉంది. ఇవన్నీ ఒకటొకటిగా వెతికి పట్టుకున్నవి కావు. వంటింట్లో అడుగుపెట్టగానే పాలు విరిగాయని తెలిసినట్టు, చూడగానే తెలిసింది.

కాగితాల సంగతి ఆ అమ్మాయి చెప్పకపోయి ఉంటే నాకొక సాకు మిగిలేది. ఒక వస్తువు పోతుందిలే, కిరణ్‌కి బుద్ధి వస్తుందిలే అనుకున్నానని చెప్పుకునేవాణ్ణి. కాని చెప్పింది. నేను విన్నాను. ఏది పోతుందో తెలిసే అన్నాను.

డ్రైవ్ వచ్చింది. కిరణ్ అన్నీ అందులోకి ఎక్కించాడు. ఒకటీ రెండూ తెరిచి చూసుకున్నారు, తెరుచుకున్నాయి. పాత కంప్యూటరు ఖాళీ చేశాడు. తర్వాత ఒకరోజు పొద్దున్న వరలక్ష్మీ, వాళ్ళాయనా ఆటోలో ట్రంకుపెట్టె పెట్టుకుని రేవుకి పోతూ నా కొట్టు ముందు ఆపారు. మీరూ రండి, పెద్దవారు అన్నారు. ఒక టీవీ విప్పి ఉంది, మీరు వెళ్ళిరండి అన్నాను. ఆటో వెనక ఒక గళ్ళ కాగితం పెట్టె మూత సందులోంచి బయటికి వచ్చి గాలికి కొట్టుకుంటోంది. అప్పుడు ఆపొచ్చు కదా? ఆపొచ్చు. ఎందుకు ఆపలేదు? ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారని. ఒక అబద్ధానికి కాపలా కాయడానికి ఇంకోటి నిలబడింది. ఇంతకన్నా పెద్ద కారణమేదో ఉంటుందని చాలా వెతికాను. లేదు.

అలాంటి దొంగ డ్రైవ్ పనిచేసే తీరు ఇది. లోపల ఉన్న చోటు కాస్తే. అది నిండాక కొత్తది పాతదాని మీదే రాసుకుంటూ పోతుంది. పేర్లన్నీ వరసగా కనబడుతూనే ఉంటాయి. తెరిస్తే ఏమీ ఉండదు. చీర మగ్గం మీదికి ఎక్కించాల్సి వచ్చి ఒక అంచు కోసం తెరిచినప్పుడు వాళ్ళకి తెలిసింది. ఒకదాని తరవాత ఒకటి తెరిచారు. తెర మీద అన్నీ ఖాళీ బూడిదరంగు ముక్కలే.

నా దగ్గరికే తెచ్చారు. వరలక్ష్మి, వాళ్ళాయన, కిరణ్. డ్రైవ్ విప్పాను. లోపల వేలి గోరంత మెమరీ కార్డు జిగురుతో అంటించి ఉంది. బరువు కోసం పక్కన రెండు ఇనప నట్లు. ఆ నట్లు తీసి బల్ల మీద పెట్టాను. టక్కున చప్పుడయ్యేలా పెట్టాను. అది కూడా ఒప్పుకోవాలి.

"నన్నడిగుంటే చెప్పేవాణ్ణి కదమ్మా," అన్నాను.

"మీకు చూపించేను కదండీ బాబాయ్ గారూ?"

"చూపించేవు. విన్నాను, ఆయ్ అన్నాను. కిరణ్ అంతా చూసే ఉంటాడనుకున్నాను. చదువుకున్నోడు కదా."

వరలక్ష్మి నన్ను చూడటం మానేసి కిరణ్‌ని చూసింది. బొండం హాస్యం ఆడినవాడు, నట్టు చేతిలోకి తీసుకుని దాన్నే తిప్పుతూ నిలబడ్డాడు. నేను చూశానని వాడికి అనుమానం కూడా రాలేదు. తప్పంతా తనదేనని నమ్మాడు. నేను నమ్మించాను.

ఆ తర్వాత ఆ అమ్మాయి వాడితో మాట్లాడలేదు. మా నాన్నని రెండోసారి చంపేవు అందట, ఆ ఒక్కసారే. వాడు కంప్యూటర్ల జోలికి పోవడం మానేశాడు. కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే పనిలో చేరి అక్కడే స్థిరపడ్డాడు. నాకేమయింది? పేరొచ్చింది. ఆ నట్లు బల్ల మీద పెట్టిన సంగతి ఊరంతా పాకింది. రాజోలు నుంచి, కొత్తపేట నుంచి జనం ఫోన్లు పట్టుకొచ్చి ఇది మంచిదేనా చూడండి అనేవారు. చూసి చెప్పేవాణ్ణి. ఒక్కటీ తప్పు పోలేదు. ప్రతివాడికీ ఈ కథ చెప్పి, నన్నడక్కుండా కొన్నారు పాపం అని ముగించేవాణ్ణి. దాన్నే ఇన్నాళ్ళూ అమ్ముకున్నాను. నేను పట్టుకున్న దొంగ అమ్మకందార్లు నాకంటే ఏం ఎక్కువ చేశారు? వాళ్ళు కనీసం చిన్న అక్షరాల్లోనైనా రాశారు.

ఈమధ్య కిరణ్ ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళమ్మ లేదు. గృహప్రవేశానికి పాలు పొంగించడానికి పిన్ని రావాలని కబురంపాడు. వరలక్ష్మి నా దగ్గరికి వచ్చి అడిగింది, వెళ్ళాలంటారా బాబాయ్ గారూ అని. మగ్గం పని చేసీ చేసీ వేళ్ళు వంకర్లు పోయాయి. ఇప్పుడు ఎవరెవరో పంపిన డిజైన్లే నేస్తోంది. ముసలమ్మల పెట్టెల్లో నాన్నగారి చీర ఏదైనా ఉందేమోనని ఇల్లిల్లూ అడుగుతూ తిరుగుతోందట.

చెప్పేశాను. అదేదో ధైర్యం చేసి కాదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ ఫోను చూసినప్పుడే దొంగదని తెలుసమ్మా, తెలిసే ఆయ్ అన్నాను, వాడి మీద కోపంతో అన్నాను అని. ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. ఆ అమ్మాయీ ఏడవలేదు. కొట్టు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"కిరణ్‌కి తెలుసా అండీ?"

"తెలీదు."

"ముందు వాడికి చెప్పండి."

బాబాయ్ గారూ అనలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. గృహప్రవేశానికి వెళ్తుందో లేదో చెప్పలేదు, నేను అడగలేదు.

మర్నాడు బస్టాండు దాకా వెళ్ళాను. కాట్రేనికోన బస్సు ఉంది, సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఎక్కలేదు. ఎదురుగా నిలబడితే నా నోరు మళ్ళీ ఏ మర్యాద మాట వెనకో దాక్కుంటుందని భయం వేసింది. కాగితం మీద గొంతు ఉండదు. అక్కడ ఒక మాటకి ఒకటే అర్థం. అందుకని ముందు రాస్తున్నాను. ఇది పట్టుకునే ఆ బస్సు ఎక్కుతాను, చదివి వినిపించడానికైనా. వాడు తలుపు వేసేస్తే వేసేస్తాడు. క్షమించమని రాయడం లేదు. నేను క్షమించమనేసరికి వాడు తాతగారూ అలా అనకండి అంటాడు. అలా పెంచారు వాణ్ణి. ఆ అవకాశం నాకు వద్దు.

కిరణ్, నువ్వు ఎంచిన ఆ డ్రైవ్ దొంగదని నీకు తెలియదు. నాకు తెలుసు. మీ తాతయ్య కాగితాలు గోదాట్లో కలవడానికి కారణం నువ్వు కాదు, నేను.

రాసేశాను. మనసుకి ఏమీ అనిపించడం లేదు ఇంకా. వేళ్ళు మాత్రం కొంచెం చురుక్కుమంటున్నాయి, తిమ్మిరి వదిలేటప్పటిలా.