చెయ్యెత్తిన చోట

ఆఫీసు లిఫ్టులో ఫినాయిల్ వాసన తగిలితే ఇప్పటికీ నాకు గుండె దడ మొదలవుతుంది. వెంటనే నళిని గారు గుర్తొస్తారు. ఆవిడ మలేషియాలో పుట్టారు. పెద్దలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. బొమ్మలు వేసేవారు, పాడేవారు. ఊరు వదిలినవాళ్ళ మాటలు రికార్డు చేసి, ఆ గొంతులు వినిపిస్తూ వేదిక మీద నటించేవారు. హైటెక్ సిటీలో పనివాళ్ళ గొంతుల కోసం వచ్చినప్పుడు, సెలవు రోజుల్లో ఆవిడకు సాయం చేశాను. ఆవిడ పద్ధతి ఒకటే. రికార్డు చేసింది ముందు చెప్పినవాళ్ళకే హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాలి. వాళ్ళు చెయ్యెత్తిన చోట కోసెయ్యాలి. ఎందుకని అడగకూడదు.

"మా నాయనమ్మ ఆ తోటలో వేరే పేరుతో బతికిందమ్మా. ఎవరూ అడగలేదు కాబట్టే బతికింది" అన్నారొకసారి.

మా టవర్లో హౌస్‌కీపింగ్ చేసే ఎల్లమ్మది పాలమూరు వైపు. కొట్టే మొగుణ్ణి వదిలి, కూతురితో చందానగర్‌లో దాక్కుంది. అతను ఈ చుట్టుపక్కలే క్యాబ్ నడుపుతాడట. అతని పేరూ, తాను ఉండే గల్లీ పేరూ ఎల్లమ్మ నాకు రికార్డులో చెప్పింది. ఆఫీసు పనిలో పడి దాన్ని ఆమెకు వినిపించలేదు. నళిని గారు అడిగితే "విన్నదండీ" అని అబద్ధమాడాను.

ప్రదర్శన మా టవర్ కింది హాల్లోనే. ఏసీ చల్లదనానికి క్యాబ్ డ్రైవర్లూ వచ్చి వెనక నిలబడ్డారు. ఎల్లమ్మ గొంతు మొదలైంది. గల్లీ పేరు వచ్చే చోటు దగ్గర పడుతుంటే వెనక్కి తిరిగి డ్రైవర్ల వైపు చూశాను. ఆ మనిషి ఎలా ఉంటాడో నాకు తెలియదు. ప్రతి ముఖమూ అతనిదే అనిపించింది. ఆపమని అరవలేకపోయాను. అప్పుడు వెనక మూల, మాపు కర్ర పట్టుకుని నిలబడ్డ ఎల్లమ్మ చెయ్యెత్తింది. నళిని గారు చటుక్కున వైరు లాగేసి, నాయనమ్మ కథను తన గొంతుతో అందుకున్నారు. చూసేవాళ్ళకు ఏమీ తెలియలేదు.

ప్రదర్శన అయ్యాక నళిని గారు నన్ను తిట్టలేదు. హెడ్‌ఫోన్స్ చేతికిచ్చి ఎల్లమ్మ దగ్గరికి పంపారు. ఎల్లమ్మ మొత్తం విని, గల్లీ పేరు దగ్గర మళ్ళీ చెయ్యెత్తింది. "ఆడు గా మందిల ఉన్నడో లేడో నాకు కానరాలే మేడమ్. నా గొంతు ఇంటె ఎంబడి వడ్తడు. ఇగ ఆ ఇంట్ల ఉండలేను" అంది. వారంలో కూతురి బడి మాన్పించి వెళ్ళిపోయింది. ఎక్కడికని నేను అడగలేదు.

"ఈ భయం ఎప్పటికి పోతుందండీ?" అన్నాను నళిని గారితో.

"పోకూడదమ్మా. పోయిన రోజు మైకు ముట్టుకోకు."

ఆవిడ ఇప్పుడు లేరు. నేను మాత్రం క్యాబ్ ఎక్కేముందు డ్రైవర్ పేరు చూసుకుంటాను. మొన్న ఆఫీసు దగ్గర తొందరలో చూడకుండా ఎక్కేశాను. మదీనాగూడ దాటాక ఫోన్లో చూస్తే ఎల్లమ్మ చెప్పిన మొగుడి పేరే. ఆ పేరున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎందరో ఉంటారని తెలుసు. అయినా తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"మీరు గా టవర్లనే పనిచేస్తరా మేడమ్?" అని అద్దంలో చూస్తూ అడిగాడతను.

నాకు తెలియకుండానే చెయ్యెత్తాను. ఆపమన్నాననుకుని అతను బండి పక్కకు ఆపాడు. దిగి, మిగతా దారి నడిచాను.