మర్యాదకు వద్దన్న జీతం

ఏప్రిల్ చివరి గురువారం, మధ్యాహ్నం రెండు గంటలు. లండన్ పక్కన స్లౌ ఊళ్లో మా ఆఫీసు మీటింగ్ రూమ్. హాజరైనవారు: నేను, మా మేనేజర్ ఫియోనా, యూనియన్ ప్రతినిధి శ్రావణి, నా డైరీ. వీరిలో నా కొంప ముంచింది ఆ నాలుగో శాల్తీయే. నలభై ఏళ్లుగా రోజూ సిరా పోసి పెంచుకున్న డైరీ యజమానినే ఎలా కరిచిందో చెబుతాను, వినండి.

అప్పటికి నాకు అరవై మూడేళ్లు. కుర్రతనం అనుకోండి. ఫిబ్రవరిలో ఫియోనా పిలిచి, జీతం పెంచుతున్నామంది. ఇంటికెళ్లగానే మా ఆవిడ రమణమ్మకు మాటిచ్చేశాను, గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్‌కి మారిపోదామని. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆవిడ మోకాళ్లు మెట్టుమెట్టుకీ నన్ను తిట్టేవి. తీరా ఏప్రిల్‌లో చూస్తే పాత జీతమే, పెన్నీ కూడా కదల్లేదు!

శ్రావణి దగ్గరికి పరిగెత్తాను. కర్నూలు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, మా ఆఫీసులోనే చేరిన పిల్ల.

"ఇస్తామన్న పెంపు వెనక్కి తీసుకోవచ్చామ్మా, చట్ట ప్రకారం?"

"చూస్తాం, పరిశీలిస్తాం అనింటే తీసుకోవచ్చంకుల్. ఇంత పెంచుతాండామని ఖాయంగా చెప్పి, మీరూ ఒప్పుకున్నాక ఎగ్గొట్టేకి లేదు. నోటిమాటైనా కాంట్రాక్టే. కాకపోతే ప్రూఫ్ ఉండాల."

"ప్రూఫా! అక్షరం పొల్లుపోకుండా డైరీలో రాశాను."

"ఒకసారి చూపియ్యండి."

"మీటింగ్‌లో చూద్దువుగానిలే!"

నేనైనా ముందు చదువుకోవద్దూ? రాసింది నేనే కదా, మళ్లీ చదవడమెందుకనుకున్నాను. అదీ నా తెలివి.

మీటింగ్‌లో డైరీని బల్ల మీద పెట్టి, కీలక సాక్షిని బోనెక్కించిన లాయరులా గొంతు సవరించుకున్నాను. ఇంగ్లీషులోకి మార్చి చదివాను. "ఉదయం పదకొండూ పది. ఏప్రిల్ నుంచి నెలకు రెండు వందల పౌండ్లు పెంచుతున్నామని ఫియోనా చెప్పింది."

"నిజమే, చెప్పాను," అంది ఫియోనా చల్లగా. "తర్వాత?"

"తర్వాత... వాన పడింది."

"వానకి మూడు వరుసలా?" అంది ఫియోనా, పేజీ వైపు చూస్తూ.

శ్రావణి పేజీ మీదికి వంగింది. ఆమె మొహం ఉప్పు మరిచిన పప్పులా అయిపోయింది.

"అంకుల్," అని తెలుగులో గొణిగింది, "ఈడ 'అబ్బే, నాకెందుకండీ, వద్దు' అన్నానని రాసినారే!"

"మర్యాదకన్నానమ్మా! ఇస్తాననగానే చెయ్యి చాపేస్తామా?"

"దాని కింద మళ్లా 'వద్దంటే వద్దు, ఇంకెవరికైనా ఇవ్వండి' అని ఉంది!"

"అది రెండోసారి మర్యాద. మూడోసారి బతిమాలితే ఒప్పుకుందామనుకున్నాను. ఈవిడ రెండుసార్లకే ఆగిపోయింది! అయినా అర్థం చేసుకుని ఇస్తుందిలే అనుకున్నాను."

మీరే చెప్పండి, మనలో ఎవరైనా కాఫీని మొదటి పిలుపుకే తాగుతారా? ఈ సంగతి ఫియోనాకి చెప్పిన నాథుడు లేడు.

"ఏమంటున్నారాయన?" అంది ఫియోనా.

శ్రావణి నిట్టూర్చింది. "వద్దన్నారట. అంటే కావాలని అర్థమట."

ఫియోనా పెన్ను కింద పెట్టేసింది. "నేను వెనక్కి తీసుకోలేదు. మీరే వద్దన్నారు. ఎంత త్యాగం అని డైరెక్టర్లకు కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు!"

"మీరు ఒప్పుకోకుంటే కాంట్రాక్ట్ కాదంకుల్," అంది శ్రావణి. "చట్టంతో ఏమీ చేసేకి కాదు."

ఇక మిగిలింది సిగ్గు విడవడమే. "నాకు కావాలి," అన్నాను. "మా ఆవిడ మోకాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి." డైరెక్టరును అడిగి చెబుతానంది ఫియోనా.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి మా ఇద్దరినీ పిలిచింది.

"డైరెక్టరు సరేనన్నారు. మే నుంచి, అదే రెండు వందలు. తీసుకుంటారా?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అబ్బే, మీకెందుకండీ శ్ర..."

బల్ల కింద శ్రావణి హైహీల్ నా బొటనవేలి మీద దిగబడింది.

"యస్!" అని కేకేశాను. ఫియోనా ఉలిక్కిపడి, వెంటనే రాసుకుంది.

కుంటుకుంటూ సీటుకు చేరి, వాచిన బొటనవేలి సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ దేశంలో ఎవరేమిస్తామన్నా, కాలు తొక్కించుకోకుండానే, మొదటి మాటకే సరేనంటాను.