సారు నక్షలో మా తండా

మా సోషల్ సారు పోయారని కురవి బస్సులో కండక్టరు చెప్పాడు. "అక్కా, మన సారు నిన్న పోయిండట, ఎరికేనా?" అన్నాడు. అతనూ ఆయన దగ్గర చదివినవాడే. నేను పాఠాలు చెప్పే బడి వచ్చినా దిగలేదు. సారు ఉండే ఊరిదాకా అదే బస్సులో పోయాను.

మాది ఆ ఊరికి రెండు మైళ్ల అవతల లంబాడా తండా. అరవై తొమ్మిది ఉద్యమంలో బడులు మూతబడేనాటికి నేను ఏడో తరగతి. ఇప్పటికి ఇరవై ఏళ్లు కావస్తోంది. మా చదువు ఆగం కాకూడదని సారు మమ్మల్ని పొద్దున్నే అంగడి దగ్గర పోగుచేసేవారు. "బడి మూసిండ్రు గని ఊరు మూయలే గద, నడువుండ్రి" అంటూ గొడుగు చంకన పెట్టుకుని ముందు నడిచేవారు. ఆ నడక అందుకోవాలంటే మేం ఉరకాల్సిందే.

గొడుగు మొనతో మట్టిలో గీతలు గీసి చెప్పేవారు. చెరువు ముందు పుట్టిందట, ఊరు తర్వాతట. తూము నీళ్లు అందినంత మేర వరి, అందనిచోట చెలక. రెండు బండిబాటలు కలిసేచోట ఎడ్లకు నీళ్లు తాపను జనం ఆగేవారట, అక్కడే అంగడి పుట్టిందట. "నీళ్లు ఎటు పారుతయో చూడుండ్రి, ఊరెట్ల పెరిగిందో గదే చెప్తది" అనేవారు. పుస్తకంలోని రాజుల పేర్లు మరచిపోయాను గానీ ఈ మాట మరవలేదు.

నడకలన్నీ అయ్యాక ఒక చెక్క మీద ఊరి నక్ష చేయించారు. రంగులు లేవు. ఎవరి చేని మన్ను వాళ్లు పిడికెడు తెచ్చి, చింతగింజల జిగురుతో తమ చోట అతకాలి. హద్దులు మాత్రం పట్వారి దగ్గరి పాత కాగితం చూసి సారే గీశారు. అందులో మా తండా లేదు, అడవి అని ఉంది. సారు అక్కడ ఎండుటాకులు అతికించారు. పిల్లలు నవ్వారు. నేను మన్ను తేలేదు, మర్నాటి నుంచి పోనూ లేదు. "సదువు సాలు, మిరపకాయ ఏరుదువు రా" అన్నాడు నాయిన. నేనూ సరేనన్నాను.

మూడోనాడు సారు తండాకు వచ్చారు. నాయిన మంచం వాల్చినా కూర్చోలేదు. "తప్పు నాదే బిడ్డా. కాయితం చూసి గీసిన, వచ్చి చూడలే" అన్నారు. ఒక సారు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. తర్వాత మా నాయనమ్మ ముందు కింద కూర్చుని, తండా బావి ఎప్పటిదని అడిగారు. "నేను కోడలుగ వచ్చిన యేడు సారూ. ఆడోళ్లమే మట్టి మోసినం" అందామె. సారు అంతా రాసుకున్నారు. లేచి నాయినతో, "గీ పిల్ల రాకుంటె నా నక్ష సగమే" అన్నారు.

నాయిన మర్నాడు పొద్దున మన్ను తనే గుడ్డలో మూటగట్టి నా చేతికిచ్చాడు. ఈరోజు నేను నలుగురు పిల్లలకు పాఠం చెబుతున్నానంటే ఆ మూట పుణ్యమే. ఈ సంగతి సారుకు ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పాల్సింది.

సారు ఇంటికి పోతే ఆ నక్ష గోడకే ఉంది. మా తండా చోట మాత్రం చెక్క తేలింది. "వానకాలమొస్తె మన్ను రాల్తుండె" అన్నారు సారు భార్య. "కడమ చోట్ల మన్ను పిల్లలు తెచ్చేది. మీ తండాది మీ సారే నడిచిపోయి తెచ్చేది. గీ యేడు కాళ్లు సాగలే బిడ్డా."

ఎంత దూరమని? పోనూ రానూ నాలుగు మైళ్లు. నాకొక్క మాట చెబితే తెచ్చేదాన్ని కదా.

దినాల నాడు తండా నుంచి పిడికెడు మన్ను పట్టుకుపోయాను. ఆమె చింతగింజల జిగురు కాచి ఉంచారు. అతికించి, గోడకు తగిలించి, దూరంగా నిలబడి చూశాను. తడి ఆరని మా తండా మిగతా ఊరికంటే ఎర్రగా కనిపించింది.