ఆ ఆదివారం మా కెప్టెన్ నోరు తెరవలేదు

మా కెప్టెన్ ఏడ్చేవాడు. ఓడినప్పుడు ఏడిస్తే ఎవరైనా అర్థం చేసుకుంటారు. ఇతను గెలిచినా ఏడ్చేవాడు, ఎటూ తేలకపోయినా ఏడ్చేవాడు. అసలు ఆట మొదలవకముందే మైదానం నడుమ మోకాళ్ల మీద కూర్చుని, చిటికెడు మట్టి తీసి నుదుటికి రాసుకుని కళ్లు తుడుచుకునేవాడు. శామీర్‌పేటలో ఫుట్‌బాల్ తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఈ ఏడుపు దగ్గర రెండుగా చీలిపోయారు. ఆ వాదన ఇన్నేళ్లయినా తెమలలేదు. వినీ వినీ నాకు ప్రాణం విసిగిపోయింది. అయినా ఆ వాదన నడిచే హోటల్‌కి టీకి వెళ్లడం మానలేదు.

తొంభైల చివరి సంగతి ఇది. రోడ్డు పక్కన మా నాయినకు ఒక బీడు ఉండేది. జొన్న కూడా సరిగా పండని నేల. రాళ్లు ఏరేసి, రెండు వైపులా కట్టెలు పాతి అందులో ఆడేవాళ్లం. నేల మాది కాబట్టి నేను టీమ్‌లో ఉండేవాణ్ని, ఆట వచ్చి కాదు. నన్ను వెనక, గోల్ కీపర్‌కు ముందు నిలబెట్టేవారు. బంతి నా వైపు వస్తే మావాళ్లు దేవుణ్ని తలుచుకునేవారని నాకు తెలుసు. టీమ్‌లో సగం మంది మాలాగా పొలాలున్న ఇళ్లవాళ్లు, సగం మంది చెరువులో చేపలు పట్టే ఇళ్లవాళ్లు. కెప్టెన్ చేపలు పట్టే ఇంటివాడు. నాకన్నా రెండేళ్లు చిన్న. అన్నా అని పిలిచేవాడు.

ఆటలో మంచివాడే, కాని అద్భుతం కాదు. పరుగు ఉంది, ఎడమ కాలు కొంచెం మొద్దు. అతని గొప్పంతా నోట్లోనూ కళ్లల్లోనూ ఉండేది. మా మీద గోల్ పడితే పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చి గోల్ కీపర్ తల రెండు చేతులతో పట్టుకుని, నుదుటికి నుదురు ఆనించి ఏదో అరిచేవాడు. అలసిపోయి నడుస్తున్నవాణ్ని వెనకనుంచి తోసేవాడు, తిట్టేవాడు, మరుక్షణమే వీపు నిమిరేవాడు. మేం గోల్ కొడితే చొక్కా విప్పి తిప్పుతూ జనం ముందు అటునుంచి ఇటు ఉరికేవాడు. తొంభై నిమిషాలూ ఆ గొంతు ఆగేది కాదు. ఇంటికి వెళ్లి పడుకున్నా నా చెవుల్లో అదే మోగుతూ ఉండేది.

హోటల్ బెంచీ మీద రోజూ పంచాయితీ. ఒక పక్క రిటైరైన డ్రిల్ సార్. మా అందరికీ బళ్లో ఆట నేర్పినాయన. కెప్టెన్ అంటే ముందు తనను తాను అదుపులో పెట్టుకోవాలని, మైదానంలో ఏడవడమంటే ఎదుటివాడికి ఊరికే ఒక గోల్ ఇచ్చినట్టని, ఇదంతా నాటకమని ఆయన వాదన. రెండో పక్క హోటల్ ఎదుట కటింగ్ షాపు నడిపే ఆయన. గుండె ఉన్నవాడు కాబట్టి ఏడుస్తున్నాడు, మీకేం నొప్పి అనేవాడు. సగం గీసిన గడ్డంతో మనిషిని కుర్చీలో వదిలేసి, కత్తి చేతపట్టుకునే వాదనకు వచ్చేవాడు. పొలాలవాళ్లు ఎక్కువగా సార్ వైపు, చెరువువాళ్లు ఎక్కువగా షాపాయన వైపు. బయట ఎవరూ అనకపోయినా, ఎవరి ఇంటి పిల్లవాడు ఎవరిని తిడుతున్నాడన్నది ఆ లెక్కలో ఉండేది.

నేను ఎటూ మాట్లాడేవాణ్ని కాదు. కాని నాకూ ఒక ముల్లు ఉంది. ఒకసారి అత్వెల్లిలో ఆట. ఎండ మండిపోతోంది. రెండో సగంలో నేను ఇక పరిగెత్తలేక నిలబడిపోయాను. నా పక్కనుంచే వాళ్లు గోల్ కొట్టారు. కెప్టెన్ వచ్చి నా కాలర్ పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు.

"నువ్వు ఉరుకుతలేవన్నా. నీకు శాతనైతది, ఉరుకుతలేవు."

ఆ రోజు మా చుట్టాలు ఆరుగురు ఆట చూడటానికి వచ్చారు. వాళ్లందరి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. కోపంతోనో సిగ్గుతోనో మిగిలిన ఆటంతా పిచ్చివాడిలా పరిగెత్తాను. గెలిచాం. ఇంటికి వచ్చాక మా చిన్నాయన, వాడు మన పిల్లవాడి కాలర్ పట్టడమేంటని మూడు రోజులు గొణిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడితో మరిచిపోయాననే అనుకున్నాను.

తర్వాత రెండేళ్లు వానలు సరిగా పడలేదు. చెరువు అడుగంటింది. చేపలు పట్టే ఇళ్లవాళ్లు ఇటుక బట్టీలకూ, మట్టి పనులకూ పోవడం మొదలుపెట్టారు. కెప్టెన్ కూడా పోయాడు. పొద్దంతా మట్టి మోసి, సాయంత్రం కాళ్లు కడుక్కుని బంతి పట్టుకుని వచ్చేవాడు. అప్పుడే మా బావ ఒక కబురు తెచ్చాడు. పట్నంలో ఆయన ఎరిగిన ఒక సర్కారు ఆఫీసుకు ఫుట్‌బాల్ టీమ్ ఉంది. ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఆ టీమ్ కోచ్‌కి మా కెప్టెన్ గురించి చెప్పానని, మేడ్చల్‌లో మన ఆట ఉన్న ఆదివారం వచ్చి చూస్తానన్నాడని అన్నాడు. బావ ఆయనకు ఏం చెప్పాడో నేను అడగలేదు. బాగా ఆడతాడనే చెప్పి ఉంటాడనుకున్నాను.

కెప్టెన్‌కు అదే చివరి అవకాశం. ఆ ఏడు దాటితే ఉద్యోగానికి వయసు దాటిపోతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు అతను ఏడవలేదు. అలాగే కూర్చుని రెండు అరచేతులూ చూసుకున్నాడు. మట్టి తట్టలు మోసి అవి కాయలు కాచి ఉన్నాయి. మాకు అర్థమైంది.

ఆ వారమంతా డ్రిల్ సార్, నేను ఒకే మాట అనుకున్నాం. వచ్చేది ఆఫీసు మనిషి. ఈ ఏడుపులూ, ఈ చొక్కా తిప్పడాలూ చూస్తే భయపడి పారిపోతాడు. వీడి నోరు ఒక్కరోజు ఎలాగైనా కట్టేయాలి. సార్ అతన్ని హోటల్‌కి పిలిచి చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం నా స్కూటర్ మీద మేడ్చల్ వెళ్తూ నేనూ చెప్పాను. అతను వెనక కూర్చున్నాడు, ఒళ్లో బూట్ల సంచి.

"ఒక్క మాట గూడ అనొద్దా అన్నా?"

"అనకు. నీ ఆట నువ్వు ఆడు. ఏడిస్తె నౌకరి పాయె అనుకో."

సరే అన్నాడు. ఇంకేం అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం అతనికి. అతని మంచి కోసమే చెప్పానని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. మంచి కోసమే చెప్పాను. కాని ఆ మాటలో అత్వెల్లి కాలర్ కూడా కొంచెం ఉంది. ఒక్కరోజన్నా వీడి అరుపు లేకుండా ఆడాలన్న ఆశ నాకు ఉంది. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ రోజు అతను మట్టి తీసుకోలేదు. మోకాళ్ల మీద కూర్చోలేదు. మావాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. విజిల్ పడింది. పది నిమిషాల్లోనే ఏదో తేడా తెలిసిపోయింది. మైదానం అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. బంతి తన్నిన చప్పుడు కూడా వినబడుతోంది. ఎవరు ఎక్కడ ఉండాలో చెప్పేవాడు లేడు. ముందున్నవాళ్లు ముందుకే పోయారు, మేం వెనకే ఉండిపోయాం. మధ్యలో ఎడ్లబండి తిప్పుకునేంత ఖాళీ. మొదటి గోల్ పడ్డాక మా గోల్ కీపర్ అలవాటుగా తల ఎత్తి అతని కోసం చూశాడు. కెప్టెన్ రెండడుగులు వెనక్కి వేశాడు, నా వైపు చూశాడు, ఆగిపోయాడు. నేను వద్దన్నట్టు తల ఊపాను.

హాఫ్ టైంలో అందరం ఎవరి నీళ్లు వాళ్లు తాగాం. రెండో సగంలో మరో రెండు గోల్స్ పడ్డాయి. కెప్టెన్ చేతికి కట్టుకున్న రుమాలు నోట్లో కుక్కుకుని ఆడుతున్నాడు. నాటకమని మూడేళ్లు గొణిగిన మా ఊరివాళ్లే గట్టు మీద లేచి నిలబడి, ఏమైందిరా నీకు, నోరు పడిపోయిందా అని కేకలు పెట్టారు. ఒక్కోసారి మనుషులను చూస్తే నీరసం వస్తుంది.

ఆట అయ్యాక నేనూ సార్ కోచ్ దగ్గరికి వెళ్లాం. ఆయన స్కూటర్ స్టాండ్ తీస్తున్నాడు. మర్యాదస్తుడే. టీ తాగుదామంటే వద్దన్నాడు.

"పిల్లగాడు ఆడతడు, కాదనను. గసుంటి కాళ్లు మా దగ్గర మస్తున్నయ్. మీ బావ ఏం జెప్పిండంటే, గీయన ఏడ్సుకుంట ఒర్లుకుంట పదకొండు మందిని లేపి ఆడిస్తడని చెప్పిండు. మా టీమ్‌ల గాళ్లందరు సదువుకున్నోళ్లు, ఎవని ఆట వాడే ఆడతడు. గందుకే వచ్చిన. ఇయ్యాల గా మనిషి నాకు కనపడలే."

మేమే వద్దన్నామని చెప్పబోయాను. చెప్పలేదు. ఇంకొక్కసారి వచ్చి చూడమని సార్ అడిగాడు. లిస్టు ఎల్లుండే ఇవ్వాలని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. సార్ ఆ స్కూటర్ దుమ్ము వైపు చూస్తూ, ఒర్లొద్దని మనిద్దరం చెప్పినం అన్నాడు. అంతే. ఆ తర్వాత హోటల్‌లో ఆ వాదనలో ఆయన నోరు ఎత్తగా నేను వినలేదు.

కెప్టెన్ దూరంగా బూట్లు విప్పుతున్నాడు. ఏమన్నాడన్నా అని అడిగాడు. కబురు చేస్తామన్నాడని చెప్పాను. నెల తర్వాత, పట్నంవాళ్లను వేసుకున్నారట అని చెప్పాను. రెండూ అబద్ధాలే. నా ఆట సరిపోయి ఉండదులే అన్నాడు. నా ఎడమ కాలు మొద్దు గదా అని తనే కారణం వెతికి పెట్టాడు. నేను ఊ కొట్టాను.

తర్వాత టీమ్ ఎప్పుడు చెదిరిపోయిందో గుర్తులేదు. బీడును నాయిన ప్లాట్లు చేసి అమ్మాడు. కట్టెలు పాతిన చోట ఇప్పుడెవరిదో మెట్లున్న ఇల్లు. బాగా వానలు పడి చెరువు మళ్లీ నిండిన ఏడు, ఒక పొద్దున చేపల కోసం కట్ట దిగాను. పెద్ద వల లాగుతున్నారు. రెండు కొసల తాళ్లు పట్టుకుని రెండు గుంపులు ఒడ్డుకు గుంజుతున్నాయి. నడుమ మోకాలి లోతు నీళ్లలో కెప్టెన్ నిలబడి అరుస్తున్నాడు. ఈ పక్కవాళ్లను తిట్టాడు, ఆ పక్కవాళ్లను బతిమాలాడు, ఎవరితోనో అమ్మ తోడు అన్నాడు, గొంతు జీరపోయి కళ్లల్లోంచి నీళ్లు కారాయి. అచ్చం అదే. నేను గట్టు వైపు నడిచాను.

అతని బాపు గట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. ముప్పై ఏళ్లు ఆ చోట నిలబడి అరిచినవాడట. గొంతు పూర్తిగా పోయి గుసగుసగా మాట్లాడుతున్నాడు. ఆ అరుపులెందుకని అడిగాను. చెరువు పక్కనే పుట్టి ముప్పై ఏళ్లు బతికిన నాకు ఆ ముక్క తెలియదు.

"ఒర్లెటోడు లేకుంటే ఎవని బలం వాడు గుంజుతడు పటేలా. ఒక దిక్కు ముంగటికొస్తది, వల వంకరపోతది. వల అడుగు లేస్తే చాపలన్ని కిందికెల్లి పోతయ్. గా ఒర్లుడు మా పిలగానికి నేనే నేర్పిన."

మేడ్చల్ మైదానం నడుమ ఆ ఖాళీ నా కళ్ల ముందు మళ్లీ కనబడింది.

వల ఒడ్డుకు చేరాక కెప్టెన్ నన్ను చూసి తడి బట్టలతోనే వచ్చాడు. ముఖం తుడుచుకుంటూ నవ్వాడు. ఇంటి సంగతులు అడిగాడు, నాయిన ఆరోగ్యం అడిగాడు. తర్వాత చొక్కా కొస పిండుకుంటూ అసలు మాట ఎత్తాడు.

"అన్నా, ఒకటి అడుగుత. గా దినం నేను నోరు దెరిసి ఒర్లితె గా పట్నం కోచ్ సారుకు ఇంక కోపమొచ్చేది గదా? ఒక్కోపారి గదే మతికొస్తది."

చెప్పాల్సిన చోటు అదే. అతని బాపు పక్కనే ఉన్నాడు, వల పక్కనే ఉంది, చెప్పడానికి ఇంకేం కావాలి. నిజం చెబితే ఆ మనిషి ఇన్నేళ్లూ తన ఎడమ కాలును తిట్టుకున్నదంతా నా మెడకు చుట్టుకుంటుంది. దాన్ని మోసే ఓపిక నాలో లేదు.

"వచ్చేది" అన్నాను.

అతని భుజాలు కొంచెం దిగాయి. ఊరట పడ్డట్టే ఉన్నాడు. నా చేతిలోంచి సంచి తీసుకుని, వలలోని పెద్ద చేపను ఏరి వేశాడు.

"నువ్వైతె నా కోసం మస్తు తిరిగినవన్నా" అన్నాడు.

సంచి పట్టుకుని కట్ట ఎక్కాను. వెనక మళ్లీ వల వేస్తున్నారు, అతని అరుపు స్కూటర్ దాకా వినబడింది. చేప ఇంటికి తెచ్చాను. చింతపులుసు పెట్టి వండారు. చాలా బాగుందన్నారు అందరూ. నేనూ తిన్నాను.