కాళ్లు కడుక్కోనివ్వని ఫౌంటెన్

నేను బడికి పోలేదు. కిరందుల్ లైన్లో రైల్వే కరెంటు పని చేసిన మా నాన్న ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు, వాటితో పాటే తీగల పనీ. ఆ చదువుకు ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. "నీళ్లలో లైటు పెడితే, అందులో మన పిల్లే దిగుతాదనుకుని పెట్టాలమ్మా," అనేవాడు.

మా కరెంటు సామాన్ల దుకాణానికి ఊరి చౌక్‌లో కట్టే రంగుల ఫౌంటెన్‌కు నమూనా గీసిచ్చే పని వచ్చినప్పుడు ఆ మాట తలుచుకునే గీశాను. చౌక్ పక్కనే మాత గుడి. జాతరకు అడవి ఊళ్ల నుంచి నడిచొచ్చేవాళ్లు కాళ్లు కడుక్కోకుండా గుడి మెట్టు ఎక్కరు. ఎదురుగా నీళ్లుంటే దిగుతారు. అందుకని తొట్టిలోకి మెట్లు పెట్టాను. లైట్లన్నీ పన్నెండు వోల్టులవే రాశాను. తడి కాలికి తగిలినా ప్రాణం తీయవు.

కాంట్రాక్టరు భోపాల్‌పట్నం వైపు మనిషి. నేను గీసింది చూసి నవ్వాడు.

"ఏందక్కా, ఇది ఫౌంటెనా, స్నానాల రేవా? కాళ్లకు గుడి వెనక నల్లా ఉంది గద."

మెట్లు తీసేసి రెయిలింగ్ పెట్టించాడు. రెయిలింగ్ ఉన్నాక ఎవరు దిగుతారని, నేరుగా మెయిన్ లైన్ మీద వెలిగే పెద్ద లైట్లు బిగించాడు. ఇది ప్రమాదమని మా ఆయన మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి చెప్పాడు. సాబ్ చాయ్ తాగించి పంపేశాడు.

జాతర ముందు రోజు సాయంత్రం లైట్లు వేశారు. అందంగానే ఉంది. జనం ఫోన్లు పైకెత్తారు. నేను మాత్రం రెయిలింగ్ దగ్గరికొచ్చే కాళ్లనే చూస్తూ నిలబడ్డాను. చెప్పులు లేని ఒక ముసలామె నెత్తి మీది మూట దించి, ఇనుప కమ్మీల సందులోంచి కాలు చాపబోయింది. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. నాకొచ్చిన కాస్త గోండిలో వద్దన్నాను. తన కాళ్లు మురికివని ఆపాననుకుంది. ఆ చూపు మరిచిపోలేను.

నేనింకా ఏదో చెప్పబోతుండగానే అవతలి పక్క ఒక దూడ కమ్మీల మధ్య తల దూర్చింది. మూతి నీళ్లకు తగలగానే పడిపోయింది. మళ్లీ లేవలేదు. మా ఆయన పరుగెత్తి మెయిన్ దించాడు.

మాత దూడను తీసుకుని మనుషుల్ని వదిలిందన్నారు జనం. నేనూ చేతులు జోడించాను. అంత బరువైన దండం ఎప్పుడూ పెట్టలేదు.

తెల్లారాక తొట్టి ఖాళీ చేయించారు. ఇంటి నుంచి బిందెలు మోసుకొచ్చి గుడి ముందు నిలబడ్డాను. ఆ ముసలామె వచ్చింది. నీళ్లు పోశాను. నా ముఖం వైపు చూడకుండానే కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లింది.