బావ వీపు మీద ఆరో గడి

మా బావ దర్జీ. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుని, ముందుకు వంగి కుడుతున్నాడు. ఆ స్టూలుకి వెనక చెక్క లేదు కాబట్టి పనివేళల్లో ఆయన వీపు దేనికీ ఆనింది లేదు. ఇందులో గొప్పేముందని నేనూ అనుకునేవాణ్ణి. తీరా ఒక పరిశోధనశాలలో ఆ వీపుకి వచ్చిన గిరాకీ చూశాక, దేవుడు ఎవరికి ఎక్కడ అందం పెడతాడో చెప్పలేమని ఊరుకున్నాను.

నేను ఆయన దుకాణం వసారాలోనే గొడుగులు, సంచుల జిప్పులు బాగుచేస్తాను. ఇక్కడ రాసేదంతా కళ్ళారా చూసిందే. అక్కడక్కడ నాలుగు మాటలు ఎక్కువ పడితే అది బావమరిది హక్కు.

కథ మా అక్క చేతులతో మొదలైంది. బావ కత్తిరించి మిషను మీద కుడితే, కాజాలు, గుండీలు, అంచులు మడిచి కుట్టడం అక్క పని. పట్టు మీద ఆవిడ అంచు కుడితే కుట్టెక్కడుందో వెతుక్కోవాల్సిందే. మూడేళ్ళ కిందట ఆ వేళ్ళు పగలడం మొదలైంది. పగుళ్ళలో పట్టుపోగు చిక్కుకుని లేచిపోయేది. ఒకరి గౌను అలా పాడయ్యాక అక్క ఇక పట్టు ముట్టనంది. ఎవరైనా పట్టుబట్ట తెస్తే లోపలికి వెళ్ళిపోయేది. బేరం పోయినందుకు బావ ఏనాడూ బాధపడలేదు గానీ, ఆవిడ అలా లేచి వెళ్ళిపోవడం మాత్రం చూడలేకపోయేవాడు.

బజార్లో ఉన్న క్రీములన్నీ తెచ్చాడు. ఏది రాసినా తగ్గడం అటుంచి, చేతులు ఎర్రగా పొంగి దురదలు. చర్మం డాక్టరు చూసి, తప్పు క్రీముది కాదు, అది చెడిపోకుండా అందులో కలిపే మందు మీకు పడటం లేదు అంది. ఆ మందు లేని క్రీము ఎక్కడో వెతికి పట్టుకొచ్చాడు బావ. మూడు వారాలకి మూత తీస్తే దానికి నాకంటే ఒత్తుగా గడ్డం పెరిగి ఉంది. అప్పుడు ఆ డాక్టరే మమ్మల్ని పరిశోధనశాలకి పంపింది.

అక్కడ ఒకావిడ ఆకుల నుంచి పదార్థాలు తీస్తూ ఉంటుంది. అందరూ మొక్కల మేడమ్ అంటారు. అక్క చేతులు తిప్పి తిప్పి చూసింది.

"బూజు పట్టకుండా ఉండాలంటే ఆ మందు వెయ్యక తప్పదండీ. కానీ కొందరి చర్మంలో కణాలు దాన్ని తట్టుకోలేవు. మేం గాజు పళ్ళాల్లో చర్మ కణాలు పెంచి చూశాం. ఒట్టి మందు వేస్తే వాడిపోయాయి. మా ఆకు పదార్థం కలిపి వేస్తే చాలావరకు నిలబడ్డాయి. పళ్ళెంలో నిలబడ్డాయి కదాని ఒంటి మీద పనిచేస్తుందని చెప్పలేం. ఇప్పుడు మనుషుల మీద చూడాలి."

"మా ఆవిడ మీద వద్దు. నా మీద చూడండి," అన్నాడు బావ, అప్పుడే చొక్కా గుండీలు విప్పేస్తూ.

అది ఏ ఆకో మాత్రం మేడమ్ చెప్పలేదు. చెబితే రేపటికల్లా ఇంట్లో నూరి పూసేసుకుంటారట. ఆ మాట మా అక్క మొహం చూసే అన్నట్టుంది.

నర్సు బావ వీపు మీద పెన్నుతో ఎనిమిది గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో చుక్క వేసి, పైన పట్టీలు అంటించింది. ఒకదానిలో ఒట్టి మందు, మిగతావాటిలో మందుతోపాటు ఆకు, కొంచెమో ఎక్కువో. ఏ గడిలో ఏముందో నర్సుకి కూడా తెలియదు. ఆ జాబితా మేడమ్ బీరువాలో ఉంటుంది.

"ఇన్నాళ్ళూ నువ్వు బట్ట మీద గీశావు బావా, ఇప్పుడు నీ మీద గీస్తున్నారు," అన్నాను.

"బట్ట మంచిదైతేనే గీతకి విలువరా," అన్నాడు.

రెండు రోజులు వీపు తడవకూడదు, గోకకూడదు, దేనికీ ఆనకూడదు. వేరేవాళ్ళ పట్టీలు కుర్చీలకి రాసుకుని సగం ఊడిపోయి వస్తాయట. బావవి అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. ఇలాంటి వీపు ఇంతవరకు చూడలేదంది నర్సు. ఇక బావని పట్టలేకపోయాం. ఇంటికొచ్చి అద్దానికి వీపు పెట్టి మెడ నొప్పి పుట్టేదాకా చూసుకున్నాడు.

రెండు రోజులకి పట్టీలు తీస్తే, ఒట్టి మందు వేసిన రెండో గడి ఒక్కటే ఎర్రబడింది. మేడమ్ సంతోషపడిపోయి, "మిగతా ఏడూ నాలుగో రోజుదాకా ఇలాగే ఉంటే, ఆకు ఎక్కువ వేసిన రకాన్నే సీసాలో పోసి మీ ఆవిడకి ఇస్తాను," అంది.

మూడో రోజు బావకి ఆరో గడి దగ్గర దురద పుట్టింది. ఎరుపు లేదు, పొంగు లేదు, ఒట్టి దురద. నాలుగో రోజు నర్సు ఒక్కో గడి మీద వేలు పెట్టి, దురద ఉందా అని అడిగింది. ఆరో గడి దగ్గర బావ, "అబ్బే, ఏం లేదు," అన్నాడు. ఆ సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు. తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున గుమ్మం చెక్కకి వీపు రుద్దుకుంటూ అక్కకి దొరికిపోయాడు. అక్క చొక్కా ఎత్తి, పెన్ను గీతలు చూసి లెక్కపెట్టింది.

"ఇది ఆరోది. నర్సుకి చెప్పారా?"

బావ సూదిలో దారం ఎక్కించసాగాడు. ఆ సూదిలో దారం అప్పటికే ఉంది.

"చెబితే ఆపేస్తారేమోనని..." అన్నాడు చివరికి. "నీకు సీసా రాదేమోనని."

అక్క కోపంతో స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "టేపు పెట్టేసరికి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే వాళ్ళని మీరు ఎన్ని తిట్లు తిడతారు? ఇప్పుడు మీరు చేసిందేమిటి? మీరు తప్పు కొలత ఇస్తే ఆ బట్ట తొడుక్కునేది ఎవరండీ? నేను కదా."

నేను గొడుగు పక్కన పెట్టేశాను. తమాషా చూడ్డానికని చెప్పి వాళ్ళతో బస్సెక్కాను గానీ, నిజానికి నాకూ భయమే. ఈ దెబ్బతో అక్క చేతుల ఆశ కూడా పోతుందనుకున్నాను.

బావ చెప్పింది విని నర్సు ఎర్ర పెన్నుతో నిన్న రాసుకున్న కాగితం మీద గీత కొట్టింది. ఆయన్ని చూడకుండానే కొట్టింది. మేడమ్ బీరువా తెరిచి జాబితా తీసి, ఆరో వరుస మీద వేలు పెట్టింది.

"ఆరో గడిలో ఉన్నది ఆకు రెట్టింపు వేసిన రకం. కాపాడే ఆకు కదా, ఎక్కువైతే ఇంకా మంచిదనుకున్నాను. ఎక్కువైతే అదే దురద పెడుతోందన్నమాట. ఇవాళ మధ్యాహ్నం ఈవిడ కోసం సీసాలో పొయ్యబోయింది ఇదే."

అతి సర్వత్ర వర్జయేత్ అని పెద్దలు ఊరికే అనలేదు. బావ అక్క చేతుల వైపు చూసి, మళ్ళీ చూడలేక గోడ వైపు తిరిగాడు. తరవాతి పరీక్షకి ఆయన్ని పిలవం అని నర్సు చెప్పినప్పుడు తలూపాడు. వచ్చేటప్పుడు బస్సులో అక్క చేతిసంచి ఆయనే పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో అది మొదటిసారి.

తక్కువ ఆకు వేసిన రకాన్ని ఇంకో పన్నెండు వీపుల మీద చూడటానికి నాలుగు నెలలు పట్టింది. ఒక్కటీ మా బావ వీపంత బాగాలేదట. నర్సే ఆ మాట నాతో చాటుగా అంది. తరవాత అక్క మోచేతి మడతలో వారంపాటు ఒక చుక్క. అది బాగానే ఉంటే చేతులకి నెల రోజులు.

నెల తిరిగాక ముగ్గురం వెళ్ళాం. అక్క వేళ్ళు బల్ల మీద చాచింది. పగుళ్ళు పూడి, లేత చర్మం వచ్చింది. నర్సు ఒక్కో వేలూ పట్టుకుని, "దురద ఉందా అమ్మా?" అంది.

అక్క తొందరపడలేదు. కళ్ళు మూసుకుని కాసేపు చూసుకుంది. "లేదు," అంది.

బావ కుర్చీలోంచి ముందుకు వంగాడు. "నిజం చెప్పు. నా మొహం చూసి లేదనకు."

"మీ అంత ప్రేమ నాకెక్కడిదండీ, అబద్ధాలు చెప్పడానికి," అంది అక్క. "లేదంటే లేదంతే. లేవండి, దారిలో పట్టు దారం కొనుక్కెళ్ళాలి."