పొద్దుటి పొడవు

నా చిన్నప్పుడు మా మావయ్య రోజూ తెల్లవారగానే ఇనుప కడ్డీకి వేలాడేవాడు. రాయగడకి కొంచెం ఇవతల ఉన్న చిన్న స్టేషను అది. నాగావళి వైపు నుంచి వచ్చే పొగమంచులో కడ్డీ కనబడేది కాదు, మావయ్య చేతులూ కనబడేవి కావు. తెల్ల బనీను ఒక్కటే గాలిలో ఆగి ఉన్నట్టుండేది. నేను మైదానం గట్టు మీద కూర్చుని, ఆ బనీను నెమ్మదిగా కిందికి సాగుతుందేమోనని చూస్తూ ఉండేదాన్ని.

తాతయ్యది రైల్వేలో పట్టాల పని. ఎక్కువ రోజులు లైను మీదే ఉండేవారు. క్వార్టర్సులో మిగిలేది అమ్మమ్మ, మావయ్య, అక్కడే ఉండి చదువుకుంటున్న నేను. మావయ్య పోలీసు ఉద్యోగానికి వెళ్ళాలనుకున్నాడు. పరుగులో అతన్ని అందుకునేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అయినా కిందటేడు రాయగడ దాకా నడిచెళ్ళి, వరసలో ఆఖరున నిలబడితే, ఎంపికలో కొలతకర్ర దగ్గరే వెనక్కి పంపేశారు. వేలి మందం తక్కువట. ఎవరి వేలు అన్న ప్రశ్న వస్తుంది కనుక, అమ్మమ్మ చిటికెనవేలి మందం అని రాస్తున్నాను. వయసు దాటిపోతోంది కాబట్టి ఆ ఏడాదే అతనికి చివరి అవకాశం.

అప్పుడే బజారు పక్క మైదానంలో ఒక వ్యాయామం మాస్టరు దిగాడు. కడ్డీకి వేలాడితే వెన్ను సాగుతుందనీ, తన డబ్బాలోని బలం పొడి పాలల్లో కలుపుకుని తాగితే సాగినచోట ఎముక నిండుతుందనీ చెప్పేవాడు. వినడానికి ఎంత బాగుందో చూడండి. సాగడం, నిండడం. మావయ్య వెన్నులోకి తెల్లటి పిండి మంచులా దిగుతున్నట్టు నాకు కలలొచ్చేవి. చేరిన రోజు సాయంత్రం మాస్టరు అతన్ని కొలిచాడు. కొన్నాళ్ళు పోయాక, ఒక పొద్దున్న కడ్డీ దిగగానే మళ్ళీ కొలిచాడు.

మావయ్య ఇంటిదాకా పరిగెత్తుకొచ్చేశాడు. "అమా! పెరిగేనే! ఏలు మందం పెరిగేను!"

అమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. డబ్బా తెప్పించుకుని, చిటికెడు పొడి నాలుక మీద వేసుకుంది. మా వైపు రాగుల్ని సోళ్ళు అంటారు. "సోడిపిండిరా ఇది. పంచదారా, ఏలక్కాయా కలిపేడు. ఒంటికి మంచిదే. పొడుక్కీ దీనికీ ఏటి సంబంధం?"

"నీకేటి తెలుసు, అది సైన్సు."

"సైన్సయితే నాకూ సూపించు మరి. నాను మాత్రం పెరగొద్దేటి?"

మావయ్య నవ్వేశాడు. అమ్మమ్మ నవ్వలేదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు పొయ్యిలోకి చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే మావయ్యని మైదానానికి వెళ్ళనివ్వలేదు. పక్కలు ఎత్తకముందే ముగ్గురం ద్వారబంధానికి ఆనుకుని నిలబడాలంది. మడమలు కర్రకి తగలాలి, గడ్డం ఎత్తకూడదు, నెత్తి మీద పీట చదునుగా ఉండాలి. నాకు పీట తనే పెట్టి, పీట కింద బొగ్గుతో గీత గీసింది. మావయ్యకీ గీసింది. తనకి గీసే పని నాది. ముక్కాలి పీట ఎక్కి గీశాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. తర్వాత ఆ రోజంతా మామూలుగానే గడిచింది. అమ్మమ్మ కుళాయి నుంచి బిందెలు మోసింది, బట్టలు ఉతికింది. నేను బడికి వెళ్ళొచ్చాను. మావయ్య పరుగు తీసి, బజారుకి వెళ్ళి బియ్యం బస్తా భుజానేసుకొచ్చాడు. దీపం పెట్టే వేళకి అమ్మమ్మ మళ్ళీ పీట తెచ్చింది.

మూడు గీతలూ కిందికి దిగాయి. నాదీ, మావయ్యదీ, అమ్మమ్మదీ.

"సూసేవా," అంది అమ్మమ్మ. "పొద్దున్న నానూ పెరిగేను. కడ్డీ ఎక్కనేదు, పొడి తాగనేదు. పడుకున్నాను, లేచేను, అంతే."

నేను పగలబడి నవ్వాను. మావయ్య మాత్రం ఆ గీతల వైపే చూస్తూ నిలబడిపోయాడు.

అప్పుడు అమ్మమ్మ తన కొత్తకాపురం సంగతి చెప్పింది. అత్తవారింట్లో ఉట్టి మీద పెరుగు కుండ ఉండేదట. పొద్దున్న మునివేళ్ళ మీద లేస్తే ఆమె చెయ్యి అందేదట. పొలం నుంచి మోపులు మోసుకొచ్చాక, సాయంత్రం అదే కుండ అందేది కాదట. ఉట్టి తాడు ఎవరో పైకి కడుతున్నారని ఆడపడుచుతో తగవు కూడా పెట్టుకుందట. నిజం ఏమిటో తేల్చాలన్న బుద్ధి అన్నేళ్ళకి ఇప్పుడు పుట్టిందంది. పగలంతా బరువుకీ నడకకీ వెన్ను కొంచెం కుదించుకుపోతుందనీ, పడుకుంటే మళ్ళీ లేస్తుందనీ నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. అమ్మమ్మకి ఆ కారణం తెలియదు. తెలిసినట్టు చెప్పుకోనూ లేదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. కొన్నాళ్ళు కడ్డీ, పొడి రెండూ మానెయ్యమంది. మావయ్య చాలా గొణిగాడు గానీ మానేశాడు. ఆ తర్వాత ఒక పొద్దున్న కొలిస్తే గీత మొదటి పొద్దుటి గీత మీదే పడింది. వెంట్రుక కూడా తేడా లేదు. మావయ్య మెట్టు మీద కూలబడి, "అయితే నాను పొట్టోణ్ణే కదమా," అన్నాడు. అంత పెద్దవాడి గొంతు అంత చిన్నగా రావడం నేను అప్పుడే విన్నాను.

అమ్మమ్మ అతని నెత్తి నిమిరింది. "పొద్దున్న పొడుగు నీది కాదేటి? ఎవుల్దగ్గరైనా అరువు తెచ్చేవా? ఆళ్ళు కొలిసేది పొద్దున్నేగా. పొద్దుటి నిన్నే తీసుకెళ్దాం."

ఎంపిక రోజున మావయ్య నడవలేదు, కూర్చోనూ లేదు. మంచం మీద నుంచి లేచినవాణ్ణి లేచినట్టే గడ్డి బండి మీద వెల్లకిలా పడుకోబెట్టి రాయగడ తీసుకెళ్ళాం. ఒక పక్క అమ్మమ్మ, ఒక పక్క నేను. ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు నిద్రలో వస్తుంది. ఎద్దుల మెడ గంటలు తప్ప చప్పుడు లేదు. కొండలు ఉన్నాయో, ఎవరో చెరిపేశారో తెలియదు. మంచులోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటపడుతున్నారు. నెత్తి మీద అల్లం బుట్టలతో, పసుపు బుట్టలతో సంతకి వెళుతూ బండి పక్కన కాసేపు నడిచి, మళ్ళీ మంచులో కలిసిపోతున్నారు. ఆ బుట్టల కింద వాళ్ళు ఎంత తగ్గుతున్నారో అనుకున్నాను. ఒకావిడ అక్కడి కొండవాళ్ళ దేశియా భాషలో ఏదో అడిగింది. జబ్బు మనిషా అని అడుగుతోందని బండివాడు చెప్పి, "నేదమ్మా, పెళ్ళికొడుకు!" అన్నాడు. మావయ్య ఆకాశం వైపు చూస్తూనే నవ్వాడు. నవ్వితే వెన్ను తగ్గుతుందేమోనని వెంటనే ఆపేశాడు.

అతను వరసలో ముందు నిలబడ్డాడు. కొలతలో నెగ్గాడు. పరుగు సంగతి చెప్పక్కర్లేదు.

ఉద్యోగం కాగితం ఇంకా రాకముందే మాస్టరు మైదానంలో మావయ్య ఫొటో కట్టాడు. కడ్డీ దగ్గర కుర్రాళ్ళు రెట్టింపయ్యారు. కొందరి ఇళ్ళల్లో పిల్లలకి పాలు తగ్గించి, ఆ డబ్బు పెద్దవాడి డబ్బాకి పెడుతున్నారని అమ్మమ్మ చెవిన పడింది. వింతేమిటంటే, నాలుగు రోజులు ఆ ఫొటో చూసేసరికి మావయ్యకే సందేహం వచ్చింది. "ఏమో అమా, పొడి కూడా కొంత పన్జేసిందేమో," అన్నాడు. అమ్మమ్మ వాదించలేదు. సాయంత్రం కాగానే పీట తెచ్చి అతని ముందు పెట్టింది. మావయ్య నిలబడ్డాడు. పడిన గీత చూశాడు. అది మొదటి సాయంత్రం గీత మీదే ఉంది.

మర్నాడు మైదానానికి బయలుదేరుతుంటే నేనూ వెంటపడ్డాను. మావయ్య తన ఫొటో తనే విప్పేసి, కుర్రాళ్ళతో, "నన్ను సూసి డబ్బాలు కొనకండి. మా అమ్మా పెరిగింది, మా మేనకోడలూ పెరిగింది. రేపు మీ ఇళ్ళల్లో అందర్నీ నిలబెట్టి పొద్దున్నా సాయంత్రం కొలిసి సూడండి," అన్నాడు.

మాస్టరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీ పొడుగు ఉత్తదని నువ్వే సాటింపేసుకుంటావేటి? పైవోళ్ళకి తెలిస్తే ఉద్యోగం వస్తాదా?"

ఆ మాటకి మావయ్య మొహం పాలిపోయింది. ఆ భయం అతనికి ముందే ఉందని నాకు అర్థమైంది. అయినా అన్నాడు: "పొద్దున్న కొలిసేరు. పొద్దున్న ఎంతున్నానో అంతే సూపించేను. అబద్ధం నా ఒంట్లో నేదు, నీ డబ్బా మీదుంది."

కొందరు కుర్రాళ్ళు ఆ రోజే మానేశారు. కొందరు మానలేదు, కడ్డీకి వేలాడుతూనే ఉన్నారు. కాగితం ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. మావయ్య ఆ ఉద్యోగంలోనే ఉండి, అందులోనే రిటైరయ్యాడు.

నేను బడిలో పెద్ద లెక్కలేమీ నేర్చుకోలేదు. ఉన్న నాలుగు ముక్కలూ ఆ పీట దగ్గర నేర్చుకున్నవే. ఇప్పుడు కోరాపుట్‌లో ఉంటున్నాను. ఫోను తెరిస్తే చాలు, ఈ గింజ తిన్నాను బరువు తగ్గాను, ఈ కషాయం తాగాను మోకాళ్ళు బాగయ్యాయి అంటూ రోజూ ఎవరో ఒకరు చెబుతారు. వాళ్ళందరూ అబద్ధాలాడుతున్నారని నేననుకోను. మావయ్య ఆ పొద్దున్న ఇంటికి పరిగెత్తుకొచ్చినప్పుడు అబద్ధమాడలేదు కదా.

మొన్న పక్కింటి అక్క మెరిసే కళ్ళతో వచ్చింది. దాల్చినచెక్క నీళ్ళు తాగుతుంటే చక్కెర తగ్గిందట. ఇక మాత్రలు మానేస్తానంది. అంతకుముందు ఎప్పుడు కొలిచావని అడిగాను. భోజనమయ్యాకట. ఇప్పుడో? పరగడుపునట. ఆ సంతోషాన్ని మాటలతో చెరపడానికి నాకు నోరు రాలేదు. కొలిచే మిషను నాకూ ఉంది. "అక్కా, మాత్రలు మాత్రం డాక్టరుని అడక్కుండా మానకు. రేపు పొద్దున్న పరగడుపున రా, భోంచేశాక మళ్ళీ రా. రెండుసార్లూ ఇద్దరం కొలుచుకుందాం. నేనైతే ఆ నీళ్ళు తాగలేదు కదా," అన్నాను.

ఆవిడ అనుమానంగా చూసింది. తర్వాత, "సరే, నువ్వూ ఏటీ తినకుండా ఉండు మరి," అని వెళ్ళింది. ఆ రాత్రి నేను తొందరగా భోంచేసి పడుకున్నాను.